నొప్పి తగ్గింది గాని ఎముక అతికిందా?



యెహెజ్కేలు గ్రంథం అనగానే మనకు 37వ అధ్యాయంలోని ఎండిన ఎముకల లోయ జ్ఞాపకం వస్తుంది. అదే గ్రంథం 30వ అధ్యాయం 21వ వచనం దగ్గర మాత్రం చాలామందిమి ఆగము. ఐగుప్తు రాజు బలం ఇక నిలవదని చెప్పడానికి ప్రవక్త అక్కడ విరిగిన చేతిని పోలికగా తెచ్చాడు. విరిగిన చేతికి కట్టు కట్టేవారు లేకపోతే అది బాగుపడదు, మళ్లీ కత్తి పట్టే సత్తువ దానికి రాదు అన్నది అక్కడి భావం. ఎముక విరిగితే కట్టు కావాలి, కట్టుకు కాలం కావాలి, ఆ తరువాతే బలం వస్తుంది. ప్రవక్త కాలం నుండి నేటివరకు ఈ క్రమం మారలేదు.

మారినది ఒకటి ఉంది. ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ నొప్పి మాత్ర దొరుకుతుంది. మెడికల్ షాపులోనే కాదు, కొన్నిచోట్ల కిరాణా కొట్టులో కూడా దొరుకుతుంది. కాలు బెణికినా, నడుము పట్టినా, చేయి విరిగినా అదే మాత్ర. వేసుకున్న అరగంటకో గంటకో పోటు తగ్గుతుంది. తగ్గింది కదా అని మనిషి లేచి పనిలోకి పోతాడు. కాని నొప్పి తగ్గడం వేరు, ఎముక అతకడం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా తెలియక కొన్ని కుటుంబాలు చాలా నష్టపోతున్నాయి. అందుకే ఈ నెల ఈ సంగతి మీ ముందుకు తెస్తున్నాము.

సంఘ పత్రికలో మందుల సంగతి ఎందుకని కొందరు అడగవచ్చు. మన సంఘాల్లో ఎక్కువమంది కాలూ చేయీ ఆడితేనే పొయ్యి వెలిగే కుటుంబాలవారు. తాపీపని, నాట్లు, కోతలు, బరువులు మోయడం, ఆటో నడపడం వీరి బ్రతుకుతెరువు. మూడు నెలల్లో అతకవలసిన కాలు తొమ్మిది నెలలకు కూడా అతకకపోతే ఆ ఇంట అప్పు పెరుగుతుంది, పిల్లల చదువు ఆగుతుంది, భార్య మీద రెండు కూలీల భారం పడుతుంది. పౌలు భక్తుడు తనతోకూడ ఉన్న లూకాను ప్రియమైన వైద్యునిగా చెప్పుకొన్నాడు (కొలొస్సయులకు 4:14). వైద్యం విశ్వాసానికి విరోధి కాదు. మేము వైద్యులము కాము. వైద్యులు చెప్పినది, పరిశోధకులు తేల్చినది మన మాటల్లో చెప్పడమే ఇక్కడ మా పని.

గట్టుకు గండి పడినప్పుడు

వానాకాలం రాత్రి చెరువు గట్టుకు గండి పడితే ఏం జరుగుతుంది? మొదట చూసినవాడు కేక వేస్తాడు. డప్పు మోగుతుంది. జనం పారలు, తట్టలు, గోనెసంచులు పట్టుకొని పరుగెత్తుతారు. గట్టంతా బురద, అరుపులు, తొక్కిసలాట. చూడడానికి గందరగోళమే. కాని ఆ గందరగోళం లేకపోతే గండి పూడదు. ముందు ఇసుక బస్తాలు వేస్తారు, తరువాత మట్టి పోస్తారు, ఆ మీదట రాయి పేరుస్తారు.

ఎముక విరిగినచోట జరిగేది కూడా ఇంచుమించు ఇదే. ఎముక విరిగినప్పుడు దానిలోని సన్నని రక్తనాళాలు తెగుతాయి. కారిన రక్తం అక్కడే గడ్డకడుతుంది. కొన్ని గంటల్లోనే ఆ చోటు వాచి, వేడెక్కి, సలుపుతుంది. ఈ వాపును మనం జబ్బు అనుకుంటాము. నిజానికి బాగుపడడం అక్కడే మొదలవుతుంది. రక్తంలోని కణాలు వచ్చి చచ్చిన ముక్కలను, చెత్తను తొలగిస్తాయి. ఎముకను అంటుకొని ఉండే పలుచని పొర నుండి, లోపలి మూలుగ నుండి కొత్త ఎముకను కట్టే కణాలు బయలుదేరతాయి. మొదటి వారమంతా ముఖ్యంగా ఈ పనే.

రెండు మూడు వారాలకు విరిగిన రెండు కొనల మధ్య మెత్తని అతుకు పడుతుంది. అది మన చెవి తమ్మెలా వంగే పదార్థం, ఇంకా ఎముక కాదు. దానిలో క్రమంగా సున్నం చేరి గట్టిపడుతుంది. పెద్దవారికి చేతి ఎముకలు అతకడానికి సాధారణంగా ఆరు వారాలు, కాలి పెద్ద ఎముకలకు పన్నెండు వారాలు లేక అంతకు మించి పడుతుంది. పిల్లలకు దానికంటే త్వరగా అతుకుతుంది. అటుపిమ్మట కూడా శరీరం ఆ అతుకును చెక్కి, నునుపు చేసి, పాత రూపానికి తెస్తూనే ఉంటుంది. ఆ పని నెలల తరబడి, ఒక్కొక్కసారి ఏళ్ల తరబడి సాగుతుంది.

మరి గండి దగ్గర కేక వేసినవాడు ఎవరు? శరీరంలో ఆ పని చేసే పదార్థాలలో ముఖ్యమైనవాటికి ప్రోస్టాగ్లాండిన్లు అని పేరు. దెబ్బ తగిలినచోట ఇవి పుడతాయి. రక్తప్రసారాన్ని పెంచుతాయి, వాపు తెస్తాయి, నొప్పి నరాలను రేపుతాయి. ఎముక కట్టే కణాలను పనిలోకి దించడంలో కూడా వీటికి పాత్ర ఉంది. అంటే మనల్ని బాధపెట్టే కేక, పనివారిని పిలిచే కేక ఒకటే.

నిరవంజి బెరడు నుండి నేటి మాత్ర వరకు

137వ కీర్తనలో బబులోను నదుల ఒడ్డున చెరలో ఉన్న జనులు తమ సితారాలు తగిలించిన చెట్లను మన తెలుగు బైబిలు నిరవంజి చెట్లు అన్నది. ఇంగ్లీషు బైబిళ్లు చాలావాటిలో ఆ మాటకు విల్లో అని ఉంటుంది. ఆ విల్లో చెట్టు బెరడుకు జ్వరం, నొప్పి తగ్గించే గుణం ఉందని పూర్వులకు తెలుసు. 1763లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ స్టోన్ అనే పాదిరిగారు ఆ బెరడు పొడిని సుమారు యాభైమంది చలిజ్వరపు రోగులకు ఇచ్చి, దాని ఫలితాన్ని లండను రాయల్ సొసైటీకి ఉత్తరం ద్వారా తెలియజేశారు. దైవసేవకుడు తన చుట్టూ ఉన్న రోగుల గురించి శ్రద్ధగా గమనించి వ్రాసిన ఆ ఉత్తరాన్ని వైద్య చరిత్రలో నేటికీ తలచుకుంటారు.

ఆ దారిలోనే 1899లో జర్మనీలో ఆస్పిరిన్ మాత్ర బజారుకు వచ్చింది. 1969లో ఇంగ్లండులో ఐబుప్రొఫెన్, ఆ తరువాత డైక్లోఫెనాక్ వచ్చాయి. ఆస్పిరిన్ నొప్పిని ఎలా తగ్గిస్తుందో మాత్రం డెబ్బై ఏళ్లపాటు ఎవరికీ అంతుబట్టలేదు. 1971లో లండనులో జాన్ వేన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ గుట్టు విప్పాడు. ఈ మందులు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా అడ్డుపడతాయి. ఈ కృషికి ఆయనకు 1982లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమానం దక్కింది.

గండి పోలికలో చెప్పాలంటే, ఈ మాత్ర కేక వేసేవాని నోరు మూస్తుంది. ఊరికి నిద్రాభంగం ఉండదు. కాని గట్టుకు జనం వస్తారా?

మన ఊళ్లలో ఈ జాతి మందులు పలు పేర్లతో దొరుకుతున్నాయి. బ్రూఫెన్‌లో ఉన్నది ఐబుప్రొఫెన్. వోవెరాన్‌లో ఉన్నది డైక్లోఫెనాక్. నైస్‌లో ఉన్నది నిమెసులైడ్. జీరోడాల్‌లో ఉన్నది ఏసిక్లోఫెనాక్. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ రెండూ కలిసి ఉంటాయి. పేర్లు వేరైనా ఇవన్నీ వాపును అణచే మందులే. క్రోసిన్, డోలో అనే పేర్లతో దొరికే పారాసిటమాల్ వేరు. అది నొప్పిని, జ్వరాన్ని తగ్గిస్తుంది గాని దెబ్బ తగిలినచోట వాపు మీద దాని ప్రభావం చాలా తక్కువ.

పరిశోధనలు ఏమంటున్నాయి?

1976లో నార్వే దేశపు పరిశోధకులు ఎముక విరిగిన ఎలుకలకు ఇండోమెథసిన్ అనే మందు ఇచ్చి చూశారు. అది కూడా ఈ జాతిదే. మందు పడిన ఎలుకల్లో ఎముక అతకడం ఆలస్యమైంది. 2002లో అమెరికాలో మరొక పరిశోధన జరిగింది. వాపు సమయంలో ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేసే ఒక ముఖ్యమైన ఎంజైము పుట్టుకతోనే లేని చిట్టెలుకల్లో, అలాగే ఆ ఎంజైమును అడ్డుకొనే మందు వేసిన ఎలుకల్లో విరిగిన ఎముక సరిగా అతకలేదు.

ఎలుకల సంగతి సరే, మనుషుల మాట ఏమిటి? 2000 సంవత్సరంలో ఇంగ్లండు వైద్యులు తొడ ఎముక విరిగినవారిని పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. ఎముక అతకని 32 మందిని, చక్కగా అతికిన 67 మందిని పోల్చి చూస్తే, అతకనివారిలో ఈ మాత్రలు వాడినవారే ఎక్కువగా కనిపించారు.

2003లో అమెరికా నుండి వచ్చిన నివేదిక ఇంకా ఆలోచింపజేసేది. తుంటి గిన్నె విరిగి ఆపరేషను అయినవారిలో కొందరికి ఆ కీలు చుట్టూ కండలో అనవసరపు ఎముక పెరుగుతుంది. అది పెరగకుండా ఆపడానికి వైద్యులు కొందరికి ఇండోమెథసిన్ ఇస్తారు, కొందరికి రేడియేషన్ ఇస్తారు. ఆ రోగుల్లో 112 మందికి తుంటితోపాటు చేతి ఎముకో కాలి ఎముకో కూడా విరిగి ఉంది. ఇండోమెథసిన్ వాడినవారిలో నూటికి 26 మందికి ఆ ఎముక అతకలేదు. వాడనివారిలో ఆ లెక్క నూటికి 7. ఎముక పెరగవద్దని ఇచ్చిన మందు, పెరగవలసినచోట కూడా ఎముకను పెరగనివ్వలేదన్నమాట.

ఇంతటితో ఆగితే మేము సగం సత్యమే చెప్పినవారమవుతాము. మిగతా సగం కూడా వినండి. ఎముక అతకనివానికి నొప్పి ఎక్కువగా ఉంటుంది గనుక వాడు మాత్రలు ఎక్కువ మింగుతాడు. మరి మాత్రవల్ల అతకలేదా, అతకనందువల్ల మాత్ర మింగాడా? చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు ఇది తేలని చిక్కు. కొన్ని పరిశోధనల్లో ఈ చిక్కు ఉంది. 2019లో అనేక పరిశోధనలను ఒకచోట చేర్చి లెక్క కట్టినప్పుడు, ఈ మందులు వాడినవారిలో ఎముక ఆలస్యంగా అతకడం లేక అతకకపోవడం సుమారు రెండింతలుగా కనిపించింది. అయితే కొద్దిరోజులు, తక్కువ మోతాదులో వాడినవారిలో ఆ కీడు స్పష్టంగా కనబడలేదు. పిల్లల్లో కూడా కనబడలేదు. 2020లో ప్రచురించబడిన మరొక పరిశోధనలో ఎముక విరిగిన సుమారు వందమంది పిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఐబుప్రొఫెన్, మరొక గుంపుకు పారాసిటమాల్ ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ ఎముకలు చక్కగానే అతికాయి.

అందుచేత ఎముకల డాక్టర్లందరి పద్ధతి ఒకటిగా లేదు. కొందరు మొదటి కొద్దిరోజులు ఈ మందు ఇస్తారు. కొందరు పారాసిటమాల్‌తో సరిపెడతారు. మీ డాక్టరు చీటీలో అయిదు రోజులకు డైక్లోఫెనాక్ వ్రాశారని కంగారుపడవద్దు, ఆయన మీద అనుమానమూ వద్దు. ఆయన వ్రాసిన అయిదు రోజులు అయిదు రోజులుగానే ఉండాలి. వాటిని మనం మూడు నెలలు చేసుకోకూడదు. ఈ వ్యాసమంతటికీ సారం ఇదే.

ఒక ఇంట జరిగిన సంగతి

మాకు తెలిసిన ఒక సహోదరుడు తాపీమేస్త్రీ. పరంజా మీదనుండి పడి మోకాలి కింది పెద్ద ఎముక విరిగింది. ఆస్పత్రిలో పిండికట్టు వేసి, మాత్రలు అయిదు రోజులకు వ్రాసి, కాలు కింద ఆనించవద్దని చెప్పి పంపారు. ఇంటి దగ్గర ముగ్గురు పిల్లలు, చిట్టీ కంతులు. పదిహేను రోజులకే ఆయన మనసు పనిమీదకు పోయింది. పాత చీటీ చూపించి మాత్రలు తెప్పించుకున్నాడు. మాత్ర వేసుకుంటే కాలు ఆనించగలుగుతున్నాడు గనుక బాగైపోయిందనుకున్నాడు. ఆరో వారానికి కట్టు తానే కోసేసి పనికి వెళ్లాడు. సాయంత్రానికి కాలు పొంగితే మరొక మాత్ర. బడలిక తీరడానికి ఒక చుట్ట. ఇలా మూడు నెలలు గడిచాయి.

అయిదో నెలలో ఎక్సరే తీస్తే విరిగిన రెండు కొనల మధ్య సందు అలాగే ఉంది. తుంటి ఎముక నుండి కొంత ముక్క తీసి అక్కడ పెట్టి, లోపల రాడ్డు వేసి ఆపరేషను చేయవలసి వచ్చింది. పని మానుకోలేక కాలు ఆనించిన మనిషి, చివరికి ఏడాది పొడుగునా పనికి దూరమయ్యాడు. ఎందుకిలా జరిగిందని అడిగితే డాక్టరుగారు ఏ ఒక్కదాని మీదా నేరం మోపలేదు. అతుకు గట్టిపడకముందే బరువు వేయడం, పొగ, నెలల తరబడి మాత్రలు ఈ మూడూ కలిశాయన్నారు. ఆయన చెప్పిన మాట ఇంకొకటి మాకు గుర్తుండిపోయింది. మాత్ర లేకపోయి ఉంటే నొప్పే ఆయనను మంచం మీద కూర్చోబెట్టేది అన్నారు.

నొప్పి కాపలాదారు

ఈ మాట వినగానే మాకు డాక్టరు పాల్ బ్రాండ్ గారు జ్ఞాపకం వచ్చారు. 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనెరీ తల్లిదండ్రులకు పుట్టిన ఆయన, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు ఎముకల వైద్యునిగా వచ్చారు. మన తెలుగువారు అనేకులు వైద్యంకోసం వెళ్లే ఆస్పత్రి అది. కుష్ఠురోగుల వ్రేళ్లు ఎందుకు అరిగిపోతాయో అప్పటివరకు సరిగా తెలియదు. రోగమే మాంసాన్ని తినేస్తుందని లోకం అనుకునేది. వారికి నొప్పి తెలియకపోవడమే మూలమని బ్రాండ్ గారు, ఆయన తోటివారు గ్రహించారు. వేడి గిన్నె పట్టుకున్నా, మేకు గుచ్చుకున్నా తెలియదు. పుండు మీదనే నడుస్తారు. అందువల్ల ఒక్కొక్క వ్రేలూ పోతుంది. నొప్పి అనేది ఎవరూ కోరుకోని వరమని చెబుతూ 1993లో ఆయన ఫిలిప్ యాన్సీతో కలిసి ఒక పుస్తకమే వ్రాశారు. ఆయన 2003లో ప్రభువునందు నిద్రించారు.

విరిగిన కాలికి నొప్పి కాపలాదారు వంటిది. ఇప్పుడే బరువు వేయవద్దు అని చెబుతుంది. దానిని పూర్తిగా నోరు మూయించి నడిచేవాడు, కుక్కను కట్టేసి తలుపు తెరిచి పడుకున్నవానితో సమానం.

ఇంతకంటే తొందరగా ప్రాణం మీదకు తెచ్చేది మరొకటి ఉంది. పిండికట్టు గాని, నాటుకట్టు గాని మరీ బిగువైతే, లేక లోపలి వాపు మితిమీరితే, కండకు రక్తం అందక చచ్చిపోతుంది. దీనికి మొదటి గురుతు నొప్పి గంట గంటకూ పెరగడమే. అప్పుడు మాత్ర మీద మాత్ర వేసి రాత్రి గడిపితే తెల్లారేసరికి చేయో కాలో చేజారిపోవచ్చు. కట్టు కట్టించుకున్నాక నొప్పి తగ్గవలసింది పోయి పెరుగుతుంటే, వ్రేళ్లు నల్లబడినా, చల్లబడినా, మొద్దుబారినా, కదిలిస్తే ప్రాణం పోయినట్టున్నా ఒక్క గంట కూడా ఆగవద్దు. ఆస్పత్రికి పరుగెత్తాలి. 108కి ఫోను చేయాలి.

మరి మాత్రలతోపాటు బాధను కూడా ఓర్చుకోమని మేము చెప్పడం లేదు. బాధతో రాత్రంతా మూలిగే మనిషికి నిద్ర ఉండదు, ఆకలి ఉండదు. అది కూడా అతుకుకు మంచిది కాదు. దారిన పడి ఉన్నవాని గాయాలకు మంచి సమరయుడు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు (లూకా 10:34). బాధ తగ్గించడం కనికరపు పని. అయితే ఆయన అంతటితో విడిచిపెట్టలేదు, పూటకూళ్ల ఇంటికి తీసుకుపోయి విశ్రాంతి ఇప్పించాడు. మనం మొదటిది చేసి రెండవది మరచిపోతున్నాము.

ఇంట్లో జ్ఞాపకముంచుకోవలసినవి

1. ఎముక విరిగిందని అనుమానం రాగానే ఆ భాగాన్ని కదల్చకుండా వెదురు బద్దో, మందపాటి అట్టో పెట్టి తువ్వాలుతో కట్టి ఆస్పత్రికి తీసుకుపోవాలి. లాగడం, తోమడం, నూనె మర్దన చేయడం వద్దు.

2. పుత్తూరు కట్టు మన ప్రాంతంలో పేరుపొందినది. కొందరికి ఇలాంటి కట్ల మీద గట్టి నమ్మకం. ఏ కట్టు వేయించుకున్నా ముందు ఎక్సరే తీయించండి. ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి వస్తే, కీలు దగ్గర విరిగితే తప్పనిసరిగా ఎముకల డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

3. నొప్పికి మొదట పారాసిటమాల్ వాడవచ్చా అని డాక్టరును అడగండి. పెద్దవారు కూడా రోజు మొత్తం మీద 4 గ్రాములు, అనగా 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది దాటితే కాలేయానికి ప్రమాదం. బలహీనులు, తాగుడు అలవాటున్నవారు, కాలేయ జబ్బున్నవారు అంతకంటే చాలా తక్కువ వాడాలి. రెండు మందులు కలిసిన మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుందని మరువవద్దు.

4. వాపు మాత్ర వ్రాసినప్పుడు ఎన్ని రోజులని అడిగి, ఆ తేదీని చీటీ మీద వ్రాసి పెట్టుకోండి. ఆ తేదీ దాటాక పాత చీటీతో కొనవద్దు. నొప్పి తగ్గకపోతే షాపుకు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మానని నొప్పి ఎముక అతకలేదనడానికి గురుతు కావచ్చు.

5. ఊళ్లో సూది వేసేవారి దగ్గర పేరు తెలియని పొట్లాల మాత్రలు తీసుకోవద్దు. వాటిలో స్టీరాయిడ్ ఉండవచ్చు. స్టీరాయిడ్ నెలల తరబడి వాడితే ఎముక గుల్లబారుతుంది.

6. కడుపులో పుండు, బి.పి., గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, గర్భిణీ స్త్రీలు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. వాపు మాత్రలు కడుపులో రక్తస్రావం చేయగలవు, కిడ్నీలను దెబ్బతీయగలవు. ఉద్దానం వంటి కిడ్నీ బాధలున్న ప్రాంతాలవారు మరీ జాగ్రత్త.

7. గుండె కోసం రోజూ చిన్న మోతాదు ఆస్పిరిన్ వేసుకొనేవారు ఈ వ్యాసం చదివి దానిని మానవద్దు. అది గుండె డాక్టరుతో మాట్లాడవలసిన సంగతి.

8. ఎముక అతికేవరకు చుట్ట, బీడీ, గుట్కా, ఖైనీ మానండి. ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ త్రాగే తల్లులకు కూడా ఈ మాటే. పొగాకులోని నికోటిన్ రక్తనాళాలను కుదించి, విరిగినచోటికి రక్తం సరిగా అందనివ్వదు. అతుకుకు చేసే కీడులో వాపు మాత్రకంటే పొగాకు మీద సాక్ష్యం బలంగా ఉంది. షుగరు ఉన్నవారు దానిని అదుపులో ఉంచుకోవాలి.

9. తిండి సంగతి. గట్టు పూడ్చడానికి మట్టి కావాలి గదా. పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. రాగి సంకటి, రాగి జావ, పాలు, పెరుగు, నువ్వులు, మునగాకు, ముల్లుతో తినే చిన్న చేపలు మంచివి. గుడ్డు, పప్పు, మాంసం కండకు, ఎముకకు కావలసిన మాంసకృత్తులు ఇస్తాయి. డి విటమిన్ కోసం రోజూ కాసేపు ఎండలో కూర్చోవాలి. పథ్యమని గుడ్డు, చేప, పెరుగు మాన్పించడం రోగికి మేలు కాదు.

10. కట్టు తీసే రోజు డాక్టరు చెప్పాలి. మళ్లీ ఎక్సరే తీసి, అతికిందని ఆయన చెప్పినప్పుడే బరువు వేయాలి.

కొందరు అడిగే ప్రశ్నలు

పిల్లవాని చేయి విరిగితే ఐబుప్రొఫెన్ సిరప్ ఇచ్చారు, మానిపించాలా? అవసరం లేదు. పిల్లల్లో అది అతుకును చెరిపినట్టు కనబడలేదని పైన చెప్పాము. డాక్టరు బరువునుబట్టి చెప్పిన మోతాదు దాటకుండా, చెప్పినన్ని రోజులే ఇవ్వండి.

కీళ్లనొప్పులకు అమ్మమ్మ ఏళ్లుగా మాత్రలు వాడుతుంది, ఇప్పుడు తుంటి విరిగింది, ఏం చేయాలి? ఏ మాత్రలు వాడుతుందో ఆ అట్టలన్నీ పట్టుకుపోయి ఎముకల డాక్టరుకు చూపించాలి. ఏది ఆపాలో, ఏది ఉంచాలో ఆయన చెబుతారు. ముసలివారి ఎముక పెళుసు గనుక ఇది దాచవలసిన సంగతి కాదు.

ప్రార్థనతో ఎముక అతకదా అని కూడా అడుగుతారు. అతికించేవాడు దేవుడే. ఎండిన ఎముకల లోయలో కూడా ఎముకకు ఎముక చేరడం, తరువాత నరాలు, మాంసం, ఆ మీద చర్మం, చివరికి జీవాత్మ అని ఒక క్రమం కనబడుతుంది. ఆయన పని చేసే క్రమాన్ని మనం తొందరపెట్టకుండా ఉండడం కూడా విశ్వాసమే. బాగుచేయడానికి ఒక సమయం ఉన్నదని ప్రసంగి చెప్పాడు (3:3). కట్టు విప్పకుండా ఆరు వారాలు కనిపెట్టడం కూడా ప్రార్థనలో భాగమని మా నమ్మకం.

సంఘం చేయగలిగింది

చివరిగా ఒక మాట. ఆ తాపీమేస్త్రీ మాత్ర మింగి పనికి పోయింది తెలివితక్కువతనంవల్ల కాదు. ఇంట్లో బియ్యం లేక పోయాడు. మూడు నెలలు కూర్చోమని డాక్టరు చెప్పడం తేలిక. ఆ మూడు నెలలు ఆ ఇంటి పొయ్యి ఎవరు వెలిగిస్తారు? మెఫీబోషెతు అయిదేళ్ల పసివాడుగా ఉన్నప్పుడు దాది చేతిలోనుండి పడి రెండు కాళ్లూ కుంటివాడయ్యాడు (2 సమూయేలు 4:4). అతనికి చివరకు కావలసివచ్చింది రాజు బల్లయొద్ద అనుదినము భోజనము. మన మధ్య కాలు విరిగినవారికి కూడా కావలసింది అదే.

మీ సంఘంలో ఎవరికైనా ఎముక విరిగితే పరామర్శకు వెళ్లి ప్రార్థన చేసి, అరటిపండ్లు ఇచ్చి వచ్చేయకండి. మూడు నెలల లెక్క వేయండి. స్త్రీల సమాజంవారు వారానికి ఇంత అని బియ్యం, రాగులు, గుడ్లు పోగుచేయవచ్చు. యౌవనస్థులు ఆస్పత్రికి తీసుకుపోవడం, ఎక్సరే తీయించడం, ప్రభుత్వ ఆరోగ్య పథకం కాగితాలు చూడడం చేయవచ్చు. రైతు సహోదరులు ఆ ఇంటి పొలంలో ఒక పూట దున్నవచ్చు. చిట్టీ నడిపేవారు రెండు కంతులు ఆగవచ్చు. ఒకరి భారములు ఒకరు భరించడమే క్రీస్తు నియమమని గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయం మనకు నేర్పుతుంది. మనం ఆ భారం మోస్తే, ఆ సహోదరుడు కాలు ఆనించనక్కరలేదు. నొప్పిని అణచుకొని పనికి పోవడానికి మాత్ర మింగనక్కరలేదు.

నొప్పి తగ్గిందా అని అడగడంతో ఆగక, ఎముక అతికిందా, ఇంట్లో గింజలున్నాయా అని కూడా అడిగే సంఘముగా ప్రభువు మనలను చేయును గాక. ఆమేన్.